కంపార్ట్‌మెంట్ల లెక్క, బెల్లం పొయ్యి

తిరుపతిలో ఉండేవాళ్లకి ఒక లెక్క అలవాటైపోయి ఉంటుంది. కొండ మీద ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో వింటే చాలు, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పేస్తారు. లోపల కూర్చున్న వేల మందిలో ఎవరిది ఏ ఊరో, ఎవరు ఎంత వేగంగా నడుస్తారో తెలియకపోయినా లెక్క తప్పదు.

రిఫైనరీలోనూ ఇలాంటి లెక్కే ఒకటుంది. ముడిచమురును మరిగించి పెట్రోల్, డీజిల్ తీశాక చాలా బరువైన నూనె మిగిలిపోతుంది. దాన్ని విరగ్గొట్టి మళ్లీ పెట్రోల్, వంటగ్యాస్ తీసే యూనిట్ పేరు ఫ్లూయిడ్ కెటలిటిక్ క్రాకర్. మొదటిది 1942 మేలో అమెరికాలోని బాటన్ రూజ్‌లో మొదలైంది. మనకి దగ్గర్లో చెన్నై మణలిలో ఉంది, విశాఖలోనూ ఉంది.

ఆ బరువు నూనెలో వేల రకాల అణువులుంటాయి. ఒక్కోదానికీ సమీకరణం రాస్తూ కూర్చుంటే తెమిలే పని కాదు. మోబిల్ కంపెనీలో పనిచేసిన వీక్‌మన్, నేస్ 1970లో అన్నిటినీ మూడే గుంపులు చేశారు: విరగాల్సిన నూనె, పెట్రోల్, ఆపైన గ్యాస్, కోక్ అనే బొగ్గులాంటి మడ్డి కలిపి ఒకటి. నూనె విరిగితే పెట్రోల్ వస్తుంది. అక్కడితో ఆపకపోతే ఆ పెట్రోలూ విరిగి గ్యాస్ అయిపోతుంది. ఎప్పుడు ఆపాలో ఆ మూడు గుంపులే చాలావరకు చెప్పేశాయి. 1976కల్లా గుంపులు పదయ్యాయి. నాకు మాత్రం ఆ మొదటి మూడే ఇష్టం, బోర్డు మీద గీసి పిల్లలకి అర్థమయ్యేలా చెప్పొచ్చు.

విరగ్గొట్టే పని చేసేది ఉత్ప్రేరకం. నా టేబుల్ మీద ఒక చిన్న సీసాలో ఉంది, తెల్లగా విభూదిలా. ఒక్కో రేణువు దాదాపు వెంట్రుక మందం. సీసా వంచితే నీళ్లలా జారుతుంది. పక్క సీసాలోది వాడేసినది, బూడిదరంగు తిరిగి నల్లబడింది. ఆ నలుపే కోక్. రైజర్ అనే నిలువు గొట్టంలో 500 డిగ్రీలు దాటిన వేడిలో నూనె ఆవిరి ఈ పొడిని పైకి ఎగదోస్తుంది. మొత్తం ప్రయాణం రెండు మూడు సెకన్లే. ఆ కాస్తలోనే కోక్ పేరుకుని పొడి చురుకుదనం పోతుంది. అప్పుడు దాన్ని రీజనరేటర్‌లోకి పంపి, గాలి ఊది, కోక్ కాల్చేస్తారు. పొడి సుమారు 700 డిగ్రీల వేడితో మళ్లీ రైజర్ అడుగుకి చేరుతుంది.

చిత్తూరు దగ్గర మా అవ్వ వాళ్లూర్లో బెల్లం వండేటప్పుడు చూసేవాణ్ణి. గానుగలో రసం పిండేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి, పెనం కింద దాన్నే వేసేవాళ్లు. రసం మరగడానికి వేరే కట్టెలు కొనే పనే లేదు. క్రాకర్‌లో జరిగేదీ ఇదే. నూనె విరగడానికి బోలెడు వేడి కావాలి, ఆ వేడిలో ఎక్కువ భాగం కోక్ మంటే ఇస్తుంది. అందుకే రైజర్‌ని ఒక్కదాన్నే మోడల్ చేస్తే ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు పక్కదారి పడుతుంది.

పోయిన ఏడాది మా క్లాసులో ఒకమ్మాయి అలాగే చేసింది. నూనెని ముందే ఇంకాస్త వేడి చేసి పంపితే పెట్రోల్ పెరుగుతుందని ఆమె గ్రాఫ్ చెప్పింది. తిరిగే పొడి ఎంత ఉంటుందో ముందే ఒక అంకె పెట్టేసుకుంది, చిక్కంతా అక్కడే. అసలు యూనిట్‌లో రైజర్ పైభాగంలో ఉష్ణోగ్రత మారకుండా పట్టుకుంటారు. నూనె వేడిగా వస్తే అంత పొడి అక్కర్లేదని వాల్వ్ కాస్త మూసుకుంటుంది. పొడి తగ్గితే విరగడమూ తగ్గుతుంది. ఈ మాట చెబితే మొదట నమ్మలేదు. రెండు రోజులు కూర్చుని రీజనరేటర్ సమీకరణాలు కూడా కలిపింది.

రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "సార్, గీత కిందికి తిరిగింది!"

"రీజనరేటర్ వేడి చూశావామ్మా?"

కాసేపు కీబోర్డ్ చప్పుడు. "అది పెరిగింది సార్. పొడి తక్కువైంది కదా, ఒక్కో రేణువు మీద కోక్ ఎక్కువ ఉంటోంది."