పసుపు గుడ్డలో కట్టిన రూపాయి

పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "తిరుమల మొక్కు కోసం కట్టిన ముడుపులో 20,000 రూపాయలున్నాయి. అయినా పిల్లవాడి ఫీజుకు గాజులు తాకట్టు పెట్టి అంత మొత్తమే అప్పు తెచ్చాము. ఇది తెలివితక్కువ పనేనాండీ?" వడ్డీ నూటికి రూపాయిన్నరట. అంటే నెలకు 300; ఎనిమిది నెలల్లో తీర్చినా 2,400 రూపాయలు. ఇంట్లో ఉన్న సొమ్మును ముట్టుకోకుండా ఉండటానికి ఆ కుటుంబం కడుతున్న వెల అది.

అర్థశాస్త్రం లెక్కలో రూపాయికి పేరు లేదు. ఏ రూపాయి అయినా మరో రూపాయికి సమానమే. మనిషి మాత్రం ప్రతి రూపాయికీ పేరు పెట్టి, ఆ పేరును బట్టే ఖర్చు చేస్తాడు. దీన్ని మెంటల్ అకౌంటింగ్ (మనసులోనే వేరువేరు ఖాతాలు పెట్టుకోవడం) అన్న పేరుతో వివరించిన రిచర్డ్ థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ 1981లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని అద్దంలా చూపిస్తుంది. 10 డాలర్ల టికెట్టు కొందామని నాటకశాలకు వెళ్ళిన మీరు దారిలో 10 డాలర్ల నోటు పోగొట్టుకున్నారు. ఇప్పుడు టికెట్టు కొంటారా అని అడిగితే 88 శాతం మంది కొంటామన్నారు. ముందే కొన్న టికెట్టు పోయిందని, మరొకటి కొంటారా అని వేరే వారిని అడిగితే 46 శాతమే ఒప్పుకున్నారు. నష్టం రెండుచోట్లా 10 డాలర్లే. అయితే పోయిన నోటు ఏ ఖాతాలోనూ పడలేదు. పోయిన టికెట్టు మాత్రం నాటకం ఖాతాలోనే పడి, అదే నాటకాన్ని 20 డాలర్ల నాటకంగా మార్చింది. దీపావళి బోనస్ చేతికి రాగానే, క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ పెరుగుతూ ఉన్నా, టీ నగర్‌లో పట్టుచీర కొనడానికి కారణం కూడా ఇదే: బోనస్ పండగ ఖాతాలోది, బాకీ జీతం ఖాతాలోది.

ముడుపును కొందరు మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. నేను ఆ మాట అనలేను. మన చేతిని మనమే కట్టేసుకునే ఏర్పాట్లలో ఇంత గట్టిది నాకు మరొకటి కనబడదు. తాళానికి తాళంచెవి ఉంటుంది, పసుపు గుడ్డ విప్పితే మాత్రం అపచారం. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు, అనుకున్న తేదీ లేదా మొత్తం చేరేదాకా డబ్బు తీయనివ్వని ఖాతాను మామూలు ఖాతా వడ్డీకే ఇవ్వజూపితే, 28 శాతం మంది కోరి తీసుకున్నారని 2006లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. అందుకే పాఠకురాలికి నా జవాబు ఇది: వడ్డీ లెక్కలో మీరు నష్టపోయారు, కానీ ముడి లేకపోతే ఆ 20,000 అసలు కూడి ఉండేవా అన్నది కూడా ఆ లెక్కలో చేర్చండి.

కోడంబాక్కం అద్దె ఇంట్లో మా అమ్మ పాల డబ్బును కందిపప్పు డబ్బాలో, అద్దెను మినప్పప్పు డబ్బాలో, పండగ డబ్బును పోపుల డబ్బా అడుగున దాచేది. పండగ నోట్లు ఎప్పుడూ ఇంగువ వాసన వేసేవి. ఒక నెల అద్దెకు 40 రూపాయలు తక్కువపడితే కందిపప్పు డబ్బాలోంచి తీసి, "అద్దె బాకీ 40" అని చీటీ రాసి అందులోనే వేసింది. ఒకటో తారీఖున నాన్న జీతం చేతికివ్వగానే, మరే ఖర్చూ ముట్టుకోకముందే, నాలుగు పది నోట్లు ఆ డబ్బాలో పెట్టి చీటీ చింపేసింది.