చుక్క ముందు హ్యాషా, సున్నానా?

నెల్లూరు

పిల్లలూ,

మీరు ఎక్సెల్‌లో వేసి పంపిన వడ్ల లెక్క చూశాను. భాగహారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ కాగితం మీద చూసేవాళ్ళకి మాత్రం తప్పుల తడకలాగా ఉంది. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కదా. 2125 కిలోల ఎదురుగా 2.5 అని, 2550 ఎదురుగా 3 అని, 2100 ఎదురుగా 2.470588 అని పడింది. ఎట్టా చూపించాలో మీరు చెప్పలేదు, అందుకని ఎక్సెల్ తనకి తోచినట్టు చూపించింది. చెప్పే పద్ధతి ఇది.

పుట్ల వరస మొత్తం ఎంచుకుని, కంట్రోల్ నొక్కి పట్టుకుని 1 కొట్టండి. నంబర్ ట్యాబ్‌లో అట్టడుగున కస్టమ్ ఉంటది. టైప్ అనే పెట్టెలో 0.00 అని కొట్టి ఓకే అనండి. 2.50, 3.00, 2.47 అని మూడూ ఒకే తీరుగా నిలబడతాయి.

ఆ పెట్టెలో కొట్టిన సున్నా, లెక్కలో సున్నా కాదు. 'ఈ చోట అంకె ఉండి తీరాలి, లేకుంటే సున్నా పెట్టు' అనే ఆజ్ఞ అది. హ్యాష్ గుర్తు (#) అంటే 'అంకె ఉంటే చూపించు, లేకుంటే ఊరుకో' అని. ప్రశ్నార్థకం (?) ఈ రెంటికీ మధ్య రకం: అంకె లేకపోతే దాని జాగా ఖాళీగా వదులుద్ది. చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి రావాలంటే అది పనికొస్తుంది.

తేడా తెలియాలంటే అర పుట్టి, అంటే 425 కిలోలు తీసుకోండి. గడిలో ఉన్నది 0.5. దానికి 0.00 పెడితే 0.50 అని వస్తుంది. #.00 పెడితే .50 అని వస్తుంది, చుక్క ముందు ఏమీ ఉండదు. ప్రింటు మసకగా పడి ఆ చుక్క కాస్తా ఎగిరిపోతే అర పుట్టి యాభై పుట్లయి కూర్చుంటది. #.## పెడితే ఇంకో అవకతవక: 3 ఉన్న గడిలో '3.' అని చుక్క వేలాడుతుంటది. ఉత్త # పెడితే సున్నా ఉన్న గడి ఖాళీగా కనపడుతుంది, లెక్క వెయ్యడం మర్చిపోయారేమో అనుకుంటారు. అందుకని చుక్కకి ఎడమ పక్క కనీసం ఒక్క సున్నా అయినా పెట్టండి. హ్యాష్‌లని దానికీ ఎడమ పక్కన, పెద్ద అంకెల వైపు వాడుకోండి.

గడి నిండా ##### అని వస్తే మాత్రం కంగారు పడొద్దు. దానికీ ఈ హ్యాష్‌కీ సంబంధం లేదు. గడి ఇరుకై సంఖ్య పట్టలేదని అర్థం, వరసని కొంచెం వెడల్పు చెయ్యండి.

ఇప్పుడు అసలు చిక్కు. టైప్ పెట్టెలో మనం కొట్టే ఈ గుర్తుల వరసని నమూనా అందాం. అది గడిలోని విలువని ముట్టుకోదు, పైకి కనపడేదాన్నే మారుస్తుంది. మూడు గడుల్లో 2.4 చొప్పున ఉందనుకోండి. 0 అనే నమూనా పెడితే 2, 2, 2 అని కనపడతాయి, కింద మొత్తం 7 అని వస్తుంది. ఎందుకంటే లోపల కూడింది 7.2. చదివినవాడు రెండు మూళ్ళు ఏడెట్టా అయిందని అడుగుతాడు, అడగాలి కూడా. కనపడే అంకెలే కూడాలంటే నమూనాతో పని కాదు, ప్రతి గడిలోనూ రౌండ్ ఫార్ములా పెట్టి విలువనే దగ్గరి అంకెకి మార్చాలి. డబ్బు లెక్కల్లో నేనైతే పైసల దాకా రౌండ్ చేశాకే నమూనా జోలికి పోతాను.

మీలో జావా నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. అక్కడ డెసిమల్‌ఫార్మాట్ అనే క్లాసు ఉంది, దానిలోనూ ఇవే సున్నాలు, ఇవే హ్యాష్‌లు. కానీ 2.5కి 0 అనే నమూనా ఇస్తే ఎక్సెల్ 3 అంటది, జావా 2 అంటది. రెండూ తప్పు చెయ్యలేదు. ఎక్సెల్ సరిగ్గా సగం వస్తే పెద్ద అంకెకి పోతుంది. జావా మాత్రం, మనం వేరే చెప్పకపోతే, దగ్గరున్న సరి సంఖ్యకి పోతుంది. అందుకే 3.5 దగ్గర ఇద్దరూ 4 అంటారు. వేల వరసలు కూడేటప్పుడు సగాలన్నీ పైకే తోస్తే మొత్తం పైకి జరుగుతుంది, సరి సంఖ్య పద్ధతి పెట్టింది అందుకే. కానీ ఒకే రైతు వడ్లకి రెండు కాగితాల్లో ఒక పుట్టి తేడా వస్తే ఈ సిద్ధాంతం ఎవరూ వినరు. జావాకి సెట్‌రౌండింగ్‌మోడ్‌తో హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని చెప్పి రెంటినీ ఒక దారికి తెచ్చుకోండి.

పావు పుట్టి, ముప్పావు పుట్టి అని చూపించాలని సరదాగా ఉంటే # ?/4 పెట్టండి. 2.75 కాస్తా 2 3/4 అవుతుంది. అయితే 2100 కిలోల గడి 2 2/4 అంటది, అంటే కాగితం మీద 25 కిలోలు ఊరికే పెరిగాయి. తూకం కచ్చితంగా పావు లెక్కన వచ్చినప్పుడే అది వాడండి.

కామా దగ్గర మన దేశం వాళ్ళకి తిప్పలు ఎక్కువ. మనకి 12,34,567 కావాలి. ఆశగా #,##,##0 అని కొడతారు, 1,234,567 వస్తుంది. ఎక్సెల్‌కి నమూనాలోని కామా 'అంకెలు విడగొట్టు' అనే సంజ్ఞ మాత్రమే, ఎక్కడ విడగొట్టాలో విండోస్‌లోని రీజియన్ సెట్టింగు చెబుతుంది. అది ఇండియాలో ఉంటే ఉత్త #,##0కే లక్షలు సరిగ్గా పడతాయి. జావా అయితే చివరి కామాకీ చుక్కకీ మధ్య ఎన్ని అంకెలున్నాయో చూసి, అదే కొలత అన్నిటికీ వేస్తుంది. ముందున్న కామాలు దానికి లెక్కలేదు. ఐసీయూ అనే లైబ్రరీలోని డెసిమల్‌ఫార్మాట్‌కి మాత్రం మన కామాలు అర్థమవుతాయి.

సెట్టింగు మార్చే వీలు లేని కంప్యూటర్‌లో ఎక్సెల్‌కి ఇట్టా చెప్పండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కోటి దాటితే మొదటి ముక్క, లక్ష దాటితే రెండోది, మిగతా అన్నిటికీ మూడోది. వాలుగీత ఉన్న కామా విడగొట్టే కామా కాదు, అక్కడ అచ్చంగా కామా బొమ్మ వెయ్యమని. దీంట్లో ఒక గొయ్యి ఉంది. షరతులు రెండే పెట్టనిస్తారు, అప్పులు (మైనస్ సంఖ్యలు) అన్నీ మూడో ముక్కలో పడి -1,234,567 అనే వస్తాయి. అప్పుల వరసకి <= షరతులతో వేరే నమూనా రాసుకోవాలి. 1960ల నుంచీ ఉన్న కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ బాధ లేదు, కామా పెట్టిన చోటే పడుతుంది. కొత్తవి అన్నిటిలోనూ మెరుగేం కాదు.

ఇంకో కామా ఉంది, నమూనా చివర పెట్టేది. '0.0,' అని కామాతో సహా కొడితే వెయ్యితో భాగించి చూపించమని. రెండు పెడితే పది లక్షలతో. సరిగ్గా లక్షకి దీంతో కుదరదు, పక్క వరసలో 100000తో భాగించి చూపించడమే.

తేమ వరసలో మీకు 1700% వచ్చింది చూశారా? ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు, మీరు వంద రెట్లు దాటించారు! ముందు 17 అని కొట్టి, తర్వాత శాతం గుర్తు ఉన్న నమూనా పెట్టారు. ఆ గుర్తు వందతో హెచ్చించి చూపిస్తుంది. గడిలో 0.17 ఉంచి 0% పెట్టండి, లేదా 17ని అట్టాగే ఉంచి 0"%" అని కొటేషన్లలో పెట్టండి. కొటేషన్ల మధ్య ఉన్నది ఉత్త బొమ్మే. 0.00" పుట్లు" అని రాసినా అంతే, గడిలో సంఖ్య సంఖ్యగానే ఉంటది. మీరు రెండు చోట్ల '2.5 పుట్లు' అని చేత్తో కొట్టారు. అవి అక్షరాలైపోయాయి, సమ్ వాటిని కూడకుండా దాటిపోయింది. సంఖ్యని అక్షరాలుగా మార్చే టెక్స్ట్ ఫార్ములాతో వచ్చినవి కూడా అంతే.

సెమీకోలన్‌తో విడగొడితే మొదటి ముక్క ధన సంఖ్యలకి, రెండోది రుణ సంఖ్యలకి, మూడోది సున్నాకి, నాలుగోది అక్షరాలకి: 0.00;-0.00;"లేదు";@ అని. రెండో ముక్కలో మైనస్ గుర్తు మీరే రాయాలి. 0.00;0.00 అని రాస్తే ఇవ్వాల్సిన బాకీ రావాల్సిన బాకీలాగా కనపడుతుంది.

ఫోన్ల వరస సంగతి వేరు. నెల్లూరు కోడ్ 0861 కొడితే 861 మిగిలింది. 0000 పెడితే సున్నా తిరిగొస్తుంది గానీ ఒంగోలు 08592, కావలి 08626 అయిదేసి అంకెలు. వాటి కోసం 00000 పెడితే నెల్లూరు 00861 అయిపోద్ది. కూడికలూ తీసివేతలూ లేని అంకెలు సంఖ్యలు కావు. ఆ వరసకి ముందుగా నంబర్ ట్యాబ్‌లో టెక్స్ట్ అని పెట్టి, ఆ తర్వాత కోడ్‌లు మళ్ళీ కొట్టండి. కొట్టాక పెడితే పోయిన సున్నా రాదు.

సరిచేశాక పంపేముందు పుట్ల వరస అడుగున 0, 0.5, 2.5, -2.5, 1234567, -1234567 వరసగా కొట్టి, ఒక్కోటీ ఎట్టా కనపడిందో చూసి, ఆ ఆరు గడులూ చెరిపేసి పంపండి.

మీ పెద్దనాన్న