నాన్న గల్ఫ్‌లో, పిల్లలు ఇంట్లో: అపోహలు, వాస్తవాలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లలో గల్ఫ్‌కు వెళ్లిన తండ్రి చాలావరకు రెండేళ్లకోసారి ఇంటికొస్తాడు. కడప, కోనసీమ వైపు కువైట్ విమానం ఎక్కేది చాలా ఇళ్లలో తల్లి. ఇలాంటి ఇళ్ల నుంచి కౌన్సెలింగ్‌కు వచ్చే ఆరేళ్లలోపు పిల్లలతో పనిచేస్తాను. వాళ్లను వెంటబెట్టుకొచ్చే అమ్మలు, నాయనమ్మలు ప్రేమతోనే కొన్ని పనులు చేస్తారు. వాటిలో కొన్ని పిల్లలకు చేటు చేస్తున్నాయి.

అపోహ: పిల్లాడు నిద్రపోయినప్పుడు వెళ్లిపోతే ఏడుపు ఉండదు.

వాస్తవం: ఏడుపు ఉంటుంది. అది మీరు వెళ్లాక మొదలవుతుంది కాబట్టి మీకు వినపడదు, అంతే. అన్ని అపోహల్లోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. శంషాబాద్ వెళ్లే కారు అర్ధరాత్రి వాకిట్లోకి వస్తుంది, పిల్లాడు గాఢ నిద్రలో ఉంటాడు, 'లేపకండి, గోల చేస్తాడు' అంటారు పెద్దవాళ్లు. పొద్దున లేచేసరికి పక్కన నాన్న ఉండడు. కన్ను మూస్తే మనుషులు మాయమైపోతారని మూడేళ్ల బుర్రకు అర్థమవుతుంది. ఆ తర్వాత వారాల తరబడి రాత్రి పడుకోనంటాడు, అమ్మ బాత్రూమ్‌కు వెళ్లినా తలుపు దగ్గరే కూర్చుంటాడు. 'వీడికి దిష్టి తగిలింది' అని అప్పుడు నా దగ్గరికి తీసుకొస్తారు.

చెప్పి వెళ్లండి. మూడేళ్ల పిల్లకు మూడు నాలుగు రోజుల ముందు, ఐదేళ్ల పిల్లకు ఓ వారం ముందు చెబితే చాలు. నెల ముందు చెబితే రోజూ ఇవాళేనా అని భయపడతారు. మాటలు చిన్నవిగా ఉండాలి: 'బాపు పనికి విమానంల పోతుండు బిడ్డా. చాన రోజులు ఆడనే ఉంటడు. రోజూ పొద్దున ఫోన్ చేస్తడు. అమ్మ, నాయనమ్మ నీతోనే ఉంటరు.' దీనికి ఇంకో మాట తప్పక కలపాలి: 'నువ్వు అల్లరి చేసినందుకు పోతలేడు.' ఇంట్లో ఏం జరిగినా తమ వల్లే జరిగిందనుకునే వయసు ఇది. నిన్న అన్నం పారబోసినందుకే నాన్న వెళ్లిపోయాడని లోపల్లోపల అనుకుంటారు, పైకి చెప్పరు. సామాన్లు సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు గీసిన బొమ్మ ఒకటి బ్యాగులో పెట్టనివ్వండి. నాన్న కట్టిన లుంగీ ఒకటి ఉతక్కుండా ఇంట్లో ఉంచండి. ఆ వాసనతో నిద్రపోయే పిల్లలు చాలామంది.

అపోహ: ఇప్పుడు ఏడవట్లేదు, మరిచిపోయింది.

వాస్తవం: 1950లలో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ అనే ఇద్దరు పరిశోధకులు, ఆసుపత్రిలో అమ్మానాన్నలకు దూరంగా ఉంచిన పసిపిల్లల్ని దగ్గరుండి గమనించారు. మొదట గట్టిగా ఏడ్చేవారు. తర్వాత దిగాలుగా మూలన ఉండేవారు. ఆపైన బుద్ధిగా మారిపోయేవారు, నర్సులు హమ్మయ్య అనుకునేవారు. నిజానికి ఆ పిల్లలు తల్లి మీద ఆశ వదులుకుంటున్నారు. మన ఇళ్లలో పరిస్థితి అంత కఠినం కాదు. అమ్మో, అమ్మమ్మో, మేనత్తో, తెలిసిన చెయ్యి ఒకటి రోజూ అన్నం కలిపి పెడుతుంది. తల్లి కువైట్‌లో ఉన్న పిల్లలు కూడా, చూసుకునే మనిషి మారకుండా ఒక్కరే ఉంటే బాగా నిలదొక్కుకుంటారు. ఈ నెల అమ్మమ్మ దగ్గర, వచ్చే నెల పిన్ని దగ్గర అని తిప్పితేనే కష్టం. తల్లి వెళ్లినందుకు ఆమెను ఆడిపోసుకునే చుట్టాల నోళ్లు పిల్లల ముందు మూయించడం కూడా ఇంటి పెద్ద పనే.

అపోహ: ఎప్పుడొస్తాడని అడిగితే 'రేపు' అంటే సరిపోతుంది.

వాస్తవం: రెండు 'రేపు'ల తర్వాత మీ మాట నమ్మదు. అలాగని 'పద్దెనిమిది నెలలు' అన్నా తలకెక్కదు. పండుగలతో చెప్పండి: 'ఈ బతుకమ్మ అయినంక, మళ్ల బతుకమ్మ వచ్చినప్పుడు.' సెలవు ఇంకా మంజూరు కాకపోతే, 'ఇంకా తెల్వది, తెలిసిన రోజే చెప్త' అనండి. గోడ మీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేయించడం టికెట్ చేతికొచ్చాక, చివరి పది రోజులకే.

అపోహ: వీడియో కాల్‌లో రెండు నిమిషాలకే పారిపోతున్నాడు, నాన్నంటే ఇష్టం లేదు.

వాస్తవం: రెండు నిమిషాలు ఆ వయసుకు ఎక్కువే. 'తిన్నవా? బడికి పోయినవా? అమ్మ మాట వింటున్నవా?' అని వరసగా అడిగితే పెద్దవాళ్లమే ఫోన్ పెట్టేస్తాం. ప్రశ్నలు తగ్గించి ఏదైనా చూపించాలి: క్యాంపులో తన మంచం, వండుకున్న కూర, పనికి తీసుకెళ్లే బస్సు. ఇటువైపు పిల్లాడు ముద్ద ఫోన్ దగ్గర పెడితే అటువైపు నాన్న నోరు తెరవాలి. ఈ ఆట నెలల తరబడి విసుగు రాదు.

టైమ్ ఖాయంగా ఉండటం ముఖ్యం. సౌదీ, కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు పొద్దున ఏడున్నర అంటే అక్కడ ఐదు. అతను డ్యూటీకి తయారవుతుంటాడు, పాప అంగన్‌వాడీకి జడ వేయించుకుంటుంటుంది. ఇద్దరికీ కుదిరే వేళ అది. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచెయ్యవు కాబట్టి బోటిమ్ లాంటి యాప్ ముందే ఇంట్లో ఫోన్‌లో వేయించి వెళ్లండి. కాల్ కుదరని రోజున వినిపించడానికి నాన్న గొంతులో నాలుగైదు వాయిస్ మెసేజ్‌లు దాచుకోండి. చిన్నపిల్లలకు స్క్రీన్ వద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఇంటివాళ్లతో మాట్లాడే వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది.

అపోహ: 'బాపుకు చెప్త చూడు' అంటే మాట వింటారు.

వాస్తవం: వింటారు. ఏడాదికల్లా ఫోన్ మోగితే మంచం కిందికి దూరతారు కూడా.

అపోహ: సెలవు మీద వచ్చిన తండ్రి దగ్గరికి వెళ్లకపోతే బలవంతంగా ఎత్తుకోవాలి, అలవాటవుతుంది.

వాస్తవం: పది నెలల వయసులో వదిలి వెళ్లిన పిల్లకు ఇప్పుడు మూడేళ్లు. ఫోన్‌లో అరచేతంత కనిపించే ముఖం ఒక్కసారిగా ఆరడుగుల మనిషై, అత్తరు వాసనతో గుమ్మంలో నిలబడితే నాయనమ్మ కొంగు చాటుకు పోక ఏం చేస్తుంది? ఇంటి నిండా చుట్టాలు 'నాన్న దగ్గరికి పో' అని తోస్తారు, పిల్ల ఏడుస్తుంది, అతని కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ రోజు కింద కూర్చోండి. ఆ పిల్ల బొమ్మలతోనే మీరు ఒక్కరూ ఆడుకోండి. దగ్గరికొచ్చేది తనే. చాక్లెట్లు మొదటి రోజే అట్టపెట్టె విప్పి కుమ్మరించకండి, అప్పుడు నాన్న కన్నా పెట్టె ముఖ్యమైపోతుంది.

ఎవరూ మాట్లాడని సంగతి పడక. రెండేళ్లుగా అమ్మ పక్కన పడుకున్న పిల్లాణ్ని అదే రాత్రి నాయనమ్మ మంచం మీదికి మారిస్తే, వచ్చిన మనిషి శత్రువైపోతాడు. రావడానికి నెల ముందే నెమ్మదిగా మార్చండి. కుదరకపోతే మొదటి వారం ముగ్గురూ ఒకేచోట పడుకోండి.

పక్క తడపడం, ముద్దు మాటలు మళ్లీ మొదలవడం, బడికి పోనని మొండికేయడం వెళ్లిన కొత్తలో, వచ్చిన కొత్తలో మామూలే. తిట్టకుండా ఉంటే కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. నెల దాటినా సరిగ్గా తినకపోయినా, ఆటలు మానేసినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబర్ 14416 ఉంది. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.