ఫ్యాక్టరీలో డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్: షాప్‌ఫ్లోర్‌లో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

నేను ప్లాంట్ ఆటోమేషన్, మెయింటెనెన్స్ పని చేస్తా. అంటే స్లైడ్లు చూపించే వైపు కాదు, ప్యానెల్ డోర్ తీసి ఏ వైర్ ఎక్కడికి పోతోందో వెతుక్కునే వైపు. ఇండస్ట్రీ 4.0, అంటే ఫ్యాక్టరీ మెషిన్లని కంప్యూటర్లతో, నెట్‌వర్క్‌తో కలిపి నడపడం, ఆ మాట 2011లో జర్మనీ హానోవర్ ట్రేడ్ ఫెయిర్‌లో బయటికొచ్చింది, అప్పట్నుంచి స్మార్ట్ ఫ్యాక్టరీ, డిజిటల్ ట్విన్ (అసలు మెషిన్‌కి కంప్యూటర్‌లో ఉండే నకలు), ఏఐ అంటూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి, వాటితో పాటే అపోహలూ. నాకు తరచూ వినపడేవి రాస్తున్నా, కొన్నిటి మీద ఎక్కువ మాట్లాడతా, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

అపోహ: మెషిన్లు పాతవి, వీటికి డిజిటల్ కుదరదు, అన్నీ మార్చాలి

ఈ మాట ఎక్కువగా కొత్త మెషిన్లు అమ్మేవాళ్ల దగ్గరే వింటాం. పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపించే చిన్న కంట్రోల్ కంప్యూటర్) అనేదే కొత్తది కాదు, జనరల్ మోటార్స్ వాళ్లు రిలే ప్యానెళ్లతో విసిగిపోయి 1968లో మాకు ఇలాంటిది కావాలి అని స్పెసిఫికేషన్ ఇచ్చారు, దానికి జవాబుగా మోడికాన్ అనే పీఎల్‌సీ వచ్చింది. అదే పేరున్న కంపెనీ 1979లో తెచ్చిన మోడ్‌బస్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) ఇవాళ్టికీ ఎనర్జీ మీటర్లలో, మోటార్ స్పీడ్‌ని కంట్రోల్ చేసే డ్రైవ్‌లలో బతికే ఉంది. మీ ప్యానెల్లో మీటర్ వెనకాల ఆర్‌ఎస్-485 టెర్మినల్స్ (డేటా వైర్ బిగించే చోటు) ఖాళీగా ఉన్నాయేమో ఒకసారి చూడండి, చాలా చోట్ల ఉంటాయి, ఎవరూ వైర్ లాగి ఉండరు అంతే.

పీఎల్‌సీయే లేని మెషిన్ అయితే స్పిండిల్ మోటార్‌కి వెళ్లే ఒక ఫేజ్ వైర్‌కి క్లాంప్ టైప్ సీటీ (వైర్‌లో కరెంట్‌ని కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఒకటి తగిలించండి, పవర్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్ చేతే సుమా. మెషిన్ లాజిక్ ముట్టుకోనక్కర్లేదు. కరెంట్ లేదంటే ఆగి ఉంది, కాస్త ఉందంటే ఊరికే తిరుగుతోంది, పైకి లేచిందంటే కటింగ్ జరుగుతోంది. అదే పార్ట్, అదే ప్రోగ్రామ్ నడుస్తున్నా కరెంట్ మెల్లగా పెరుగుతూ పోతోందంటే టూల్ అరుగుతోందేమో చూసుకోవచ్చు. ఇంత చిన్న దానితో మెషిన్ రోజుకి నిజంగా ఎన్ని గంటలు పనిచేస్తోందో తెలిసిపోతుంది, ఆ నంబర్ చూసి చాలామంది మొహాలు మాడతాయి కూడా. కాకపోతే ఎందుకు ఆగిందో సీటీ చెప్పదు, అది మనిషే చెప్పాలి, అసలు తంటా అక్కడే.

అపోహ: డేటా ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది, డాష్‌బోర్డ్ పెట్టేస్తే సగం పని అయిపోయినట్టే

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మెషిన్ ఆగిందనుకోండి, స్క్రీన్ మీద కారణం ఎంచుకోమని లిస్ట్ వస్తుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లు బాగా ఆలోచించి నలభై కారణాలు పెట్టి ఉంటారు. ఆపరేటర్ చేతికి గ్లవ్స్, వాటికి నూనె, పక్కన సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడు, ఆయన స్క్రోల్ చేసి ముప్పై ఏడోది వెతుకుతాడా? పైనున్నది నొక్కి పని మొదలుపెడతాడు. నెలాఖరుకి రిపోర్ట్‌లో మెటీరియల్ లేదు అన్నదే అన్నిటికన్నా పెద్ద సమస్య అని తేలుతుంది, స్టోర్స్ వాళ్లకి అక్షింతలు పడతాయి, తీరా చూస్తే అది లిస్ట్‌లో మొదటి లైన్ కావడమే దాని పాపం. ఆరేడు కారణాలు, పెద్ద బటన్లు, రెండు నిమిషాల లోపు ఆగితే అడగనే అడగొద్దు, అలా పెడితే వచ్చే డేటా తక్కువే గానీ నమ్మొచ్చు.

తర్వాత ఓఈఈ, అంటే మెషిన్‌ని మొత్తంగా ఎంత బాగా వాడుకుంటున్నామో చెప్పే నంబర్. అవైలబిలిటీ (నడవాల్సిన టైమ్‌లో ఎంత నడిచింది), పెర్ఫార్మెన్స్ (ఎంత స్పీడ్‌గా నడిచింది), క్వాలిటీ (ఎన్ని మంచి పార్టులొచ్చాయి) మూడింటినీ గుణిస్తే వచ్చేది. 90 శాతం, 95 శాతం, 99 శాతం, విడివిడిగా చూస్తే అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి కదా, గుణిస్తే 84.6. అందుకే 85ని వరల్డ్ క్లాస్ అని అంటుంటారు. ఈ నంబర్‌కి టార్గెట్ పెట్టిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో చెప్తా. ఆగిన టైమ్‌లో కొంత మెల్లగా ప్లాన్డ్ డౌన్‌టైమ్ (ముందే అనుకుని ఆపింది, ఈ లెక్కలోకి రానిది) ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఐడియల్ సైకిల్ టైమ్ (ఒక పార్ట్‌కి పట్టాల్సిన సమయం) 40 సెకన్లు ఉండాల్సింది 45 అని ఎంటర్ అవుతుంది. కొన్ని షిఫ్టుల్లో పెర్ఫార్మెన్స్ 100 దాటేస్తుంది కూడా, అయినా ఎవరూ అడగరు, పచ్చగా ఉంది కదా. సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి ఇచ్చింది అది లెక్కేసింది.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది, గడియారాలు. పీఎల్‌సీ టైమ్ ఒకటి, కెమెరా పీసీ టైమ్ ఇంకోటి, సర్వర్‌ది మరోటి. ఐదు నిమిషాల తేడా ఉంటే చాలు, డేటా అంతా ఒకచోట కలిపి చూస్తే పార్ట్ పాడయ్యాక టెంపరేచర్ పెరిగినట్టు కనిపిస్తుంది. దాని మీద ఏ ఏఐ పెట్టి ఏం లాభం? ముందు అన్నిటికీ ఒకే టైమ్ సర్వర్ పెట్టండి, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

అందుకే ఎవరైనా కొత్త సెన్సర్ పెడదాం అంటే నేను అడిగే ప్రశ్న ఒకటే, ఈ నంబర్ చూసి ఎవరు ఏం చేస్తారు? పేరు చెప్పండి, చేసే పని చెప్పండి. జవాబు రాకపోతే ఆ సెన్సర్ వద్దు.

అపోహ: ప్రెడిక్టివ్ మెయింటెనెన్స్ పెడితే మెషిన్ ఏ రోజు పాడవుతుందో ముందే చెప్పేస్తుంది

కొన్నిటికి కొంతవరకు నిజమే. బేరింగ్ మంచి ఉదాహరణ, అది ఒక్క రోజులో పోదు, ముందు అల్ట్రాసౌండ్‌లో తేడా వస్తుంది, తర్వాత వైబ్రేషన్‌లో, ఆ తర్వాతే వేడెక్కడం, చివరికి చెవికి వినపడే శబ్దం. శబ్దం వినపడే దశలో మీకు ఏ ఏఐ అక్కర్లేదు, పరిగెత్తడమే. అయితే గంటకోసారి ఒక సగటు వైబ్రేషన్ విలువ మాత్రమే పంపే చవక సెన్సర్‌తో తొలి దశ దొరకదు, అక్కడ హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ కావాలి, మనం పట్టుకోవాలనుకున్న ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ స్పీడ్‌లో శాంపిల్ చేయాలి. సెన్సర్ కొనేముందు ఆ ఒక్క లైన్ డేటాషీట్‌లో చదవండి.

డ్రైవ్‌లో కార్డ్ కాలిపోయిందనుకోండి, అది చాలాసార్లు చెప్పి పోదు. 1978లో నోలన్, హీప్ అని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లిద్దరు విమాన భాగాల మీద రిపోర్ట్ రాశారు, అందులో వయసుతో పాటు అరిగి పాడయ్యే రకం 11 శాతమే, మిగతా 89 శాతానికి ఇన్ని గంటలు తిరిగింది కాబట్టి మార్చాలి అనే రూల్ పనికిరాలేదు. విమానం లెక్క మన ప్రెస్ షాప్‌కి యథాతథంగా సరిపోదనుకోండి, కానీ క్యాలెండర్ చూసి బాగున్న బేరింగ్ పీకి కొత్తది తప్పుగా బిగించి మనమే బ్రేక్‌డౌన్ తెచ్చుకోవడం మాత్రం ప్రతి ప్లాంట్‌లోనూ ఉండే కథే.

ఇక అలర్ట్ మూడు వారాల ముందే వచ్చింది, స్పేర్ రావడానికి రెండు నెలలు పడుతుంది, అప్పుడేం చేస్తారు? దీని గురించి డెమోలో ఎవరూ మాట్లాడరు.

అపోహ: మా ఏఐ విజన్ సిస్టమ్ అక్యూరసీ 99 శాతం

వెయ్యి పార్టుల్లో ఐదు మాత్రమే డిఫెక్ట్ అనుకుందాం. కెమెరా అసలు ఏమీ చూడకుండా అన్నీ ఓకే అన్నా అక్యూరసీ 99.5 వస్తుంది. కాబట్టి అడగాల్సింది రెండు, ఐదులో ఎన్ని పట్టింది, మంచివాటిని ఎన్ని రిజెక్ట్ చేసింది. లైటింగ్ సరిగ్గా లేకపోతే మోడల్ ఎంత గొప్పదైనా దండగే, మెరిసే లోహం మీద చిన్న గీత కనపడాలంటే లైట్ ఏ కోణంలో పడుతోందన్నదే సగం ప్రాజెక్ట్.

అపోహ: రోబోలు వస్తే మనుషులు అక్కర్లేదు

2018లో టెస్లా మోడల్ 3 కారు తయారీ చిక్కుల్లో ఉన్నప్పుడు ఎలాన్ మస్క్ స్వయంగా అతి ఆటోమేషన్ తప్పయిందని, మనుషుల్ని తక్కువ అంచనా వేశామని ట్వీట్ చేశాడు. ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు ఇంకా ఇష్టం. బ్యాటరీ ప్యాక్ మీద ఫైబర్‌గ్లాస్ మ్యాట్‌లు అంటించే చోట లైన్ ఆగిపోతుంటే రోబోని సరిచేయడానికి నానా తంటాలు పడ్డారట, చివరికి అసలు ఈ మ్యాట్‌లు ఎందుకు అని అడిగితే బ్యాటరీ సేఫ్టీ వాళ్లు శబ్దం తగ్గడానికి అన్నారు, శబ్దం చూసేవాళ్లు మంటల నుంచి రక్షణకి అన్నారు. మ్యాట్ ఉన్న కార్లో, లేని కార్లో శబ్దం రికార్డ్ చేసి చూస్తే తేడా తెలియలేదు. తీసేశారు, గొడవ వదిలింది. అక్కర్లేని పనిని ఆటోమేట్ చేయడం అంటే ఇదే.

అలాగని ఎవరి ఉద్యోగమూ పోదని చెప్పి మభ్యపెట్టను. లోడింగ్, అన్‌లోడింగ్ పనులు తగ్గుతాయి, తగ్గుతున్నాయి. అదే సమయంలో గ్రిప్పర్ (రోబో పట్టుకునే చెయ్యి) మార్చడం, ఫిక్స్‌చర్ (పార్ట్‌ని కదలకుండా పట్టే బిగింపు) సరిచేయడం, రోబో పాయింట్లు మళ్లీ నేర్పడం తెలిసినవాళ్ల కోసం వెతుకులాట పెరిగింది. మొదటి గుంపులోవాళ్లకి రెండోది నేర్పించే ఖర్చు ప్రాజెక్ట్ బడ్జెట్‌లో ఉందా లేదా అని చూడండి, దాన్నిబట్టి మేనేజ్‌మెంట్ ఉద్దేశం తెలిసిపోతుంది.

అపోహ: మా మెషిన్లు ఇంటర్నెట్‌కి కలపలేదు, మాకేం భయం

2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ యూఎస్‌బీ డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది, బయటి నెట్‌వర్క్‌కి కలవని చోటికీ చేరింది. 2019 మార్చిలో నార్స్క్ హైడ్రో అనే అల్యూమినియం కంపెనీ మీద ర్యాన్సమ్‌వేర్ (కంప్యూటర్లని లాక్ చేసి డబ్బడిగే ప్రోగ్రామ్) పడితే కొన్ని ప్లాంట్లు మాన్యువల్‌గా నడపాల్సి వచ్చింది, డబ్బు కట్టలేదు, బ్యాకప్‌ల నుంచి తిరిగి నిలబడ్డారు. మీ దగ్గర పీఎల్‌సీ ప్రోగ్రామ్ లేటెస్ట్ కాపీ ఎక్కడుంది? ఎవరో కాంట్రాక్టర్ లాప్‌టాప్‌లో ఉందంటే మాత్రం ఇవాళే అడిగి తెచ్చుకోండి.

ఇంకొన్ని తొందరగా. తిరిగే 3డీ బొమ్మ డిజిటల్ ట్విన్ కాదు, అసలు మెషిన్ నుంచి డేటా దానికి వస్తూ ఉండాలి. క్లౌడ్ వస్తే పీఎల్‌సీ పోదు, మిల్లీసెకన్లలో తీసుకోవాల్సిన నిర్ణయం మెషిన్ పక్కనే జరగాలి. 5జీ బాగుంటుంది, కానీ కేబుల్ లాగగలిగే చోట కేబులే లాగండి.

అపోహ: ఇవన్నీ పెద్ద కంపెనీల ఆటలు

కంప్రెస్డ్ ఎయిర్ సంగతి చూడండి. సరిగ్గా చూసుకోని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది, కరెంట్ బిల్లు మాత్రం నిండుగా వస్తుంది. మెయిన్ ఎయిర్ లైన్ మీద ఒక ఫ్లో మీటర్ పెట్టి, సెలవు రోజు మెషిన్లన్నీ ఆగి ఉన్నప్పుడు కంప్రెసర్ ఆన్‌లో ఉంచి రీడింగ్ చూడండి. గాలి వాడేవాళ్లే లేరు కాబట్టి ఆ నంబర్ అంతా లీకే. ఫిట్టింగులు, హోస్ జాయింట్లు, డ్రెయిన్ వాల్వులు ఒక్కొక్కటీ సబ్బు నీళ్లతో చూసుకుంటూ పోతే చాలావరకు దొరుకుతాయి. బాగుచేశాక మీటర్ పీకేయకండి, లీకులు మళ్లీ వస్తాయి, ప్రతి వారం ఆ రీడింగ్ ఎవరు రాసుకోవాలో, ఎంత దాటితే ఎవరికి చెప్పాలో పేర్లతో సహా కంప్రెసర్ రూమ్ తలుపు మీద అంటించండి.