అవతలి మాట ఎవరి నోట వింటున్నాం?

2024 సెప్టెంబర్ 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తిరుమల లడ్డూ గురించి ఒక ఆరోపణ చేశారు. గత ప్రభుత్వ హయాంలో లడ్డూకి వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్నారు. వైఎస్సార్ కాంగ్రెస్ అదంతా అబద్ధమంది. తిరుపతిలో ఉండేవాళ్ళకి లడ్డూ ఒట్టి ప్రసాదం కాదు. ఊరి నుంచి వచ్చిన చుట్టం తిరిగి వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టి పంపేది అదే. అందుకే ఆ రాత్రి ఇక్కడ సరిగ్గా నిద్రపోయిన వాట్సాప్ గ్రూపు ఒక్కటి కూడా లేదనుకుంటాను.

నా ఫోన్‌లో అలాంటివి రెండున్నాయి. ఒకటి యూనివర్సిటీలో నాతో చదువుకున్నవాళ్ళది, రెండోది మా అత్తగారి వైపు చుట్టాలది. మర్నాడు రెండింటిలోకీ ఒకే కాగితం వచ్చింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్డీడీబీ) ల్యాబ్ ఇచ్చిన నెయ్యి రిపోర్టు. ఒక గ్రూపులో అంకెల చుట్టూ ఎర్రగీత గీసి పెట్టారు. ఇంకో గ్రూపులో, కొన్ని పరిస్థితుల్లో ఫలితం తప్పుగా కూడా రావచ్చు అన్న చిన్నక్షరాల చుట్టూ ఎర్రగీత. రెండు గీతలూ ఉన్న కాగితం మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకి దూరంగా ఉంచమంది. అక్టోబర్ 4న సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరితో దర్యాప్తు బృందాన్ని వేసింది. రెండు గ్రూపుల్లోనూ ఆ వార్తలు ‘మనం గెలిచాం’ అన్నట్టే వచ్చాయి. నెయ్యిలో ఏముందో తేల్చడం నా పని కాదు. ఒకే ఊళ్ళో, ఒకే కాగితం పట్టుకుని, రెండు లోకాల్లో ఎలా బతకగలుగుతున్నామన్నదే నాకు పట్టుకున్న సందేహం.

దీనికి ఎకో ఛాంబర్ అని పేరు. మనం అరిచిన అరుపే గోడలకి కొట్టుకుని మళ్ళీ మన చెవిలో పడే గది అన్నమాట. ఇంటర్నెట్‌కి ఈ మాటని బాగా అంటించింది అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కాస్ సన్‌స్టీన్. 2001లోనే, అంటే ఫేస్‌బుక్ పుట్టకముందే, ఎవరికి నచ్చిన వార్త వాళ్ళే ఏరుకుని చదివే రోజు వస్తే ప్రజాస్వామ్యానికి ఇబ్బంది అని ఆయన రాశారు.

గది కొత్తదేమో గానీ, గుణం పాతదే. ‘తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు’ అన్నవాడికి ఇంటర్నెట్ కనెక్షన్ ఏమీ లేదు కదా. 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ కుందేలు సంగతిని ఒక చిన్న ఆటతో పట్టుకున్నాడు. 2, 4, 6 అని మూడు అంకెలు ఇచ్చి, ‘వీటి వెనక ఒక నియమం ఉంది. మీరూ మూడేసి అంకెలు చెప్పండి, నియమానికి సరిపోతాయో లేదో నేను చెప్తా, దాన్నిబట్టి నియమం కనుక్కోండి’ అన్నాడు. చాలామంది రెండేసి పెరుగుతాయనుకుని 8, 10, 12 అన్నారు. సరిపోయింది. 20, 22, 24 అన్నారు. అదీ సరిపోయింది. దాంతో నియమం దొరికిందనుకున్నారు. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవడం, అంతే. 1, 7, 50 అన్నా సరిపోయేది. తాము అనుకున్నది తప్పేమోనని అలాంటి అంకెలు చెప్పి చూద్దామన్న ఆలోచన చాలామందికి రాలేదు. మా అబ్బాయి మీద ప్రయత్నించాను, వాడూ బోల్తా పడ్డాడు. నేను అంతకుముందే పడ్డాను.

ఇక మన జిల్లా సంగతికొస్తాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాకి ఈ జబ్బు ఫోన్‌తో రాలేదు. 1940లు, 50లలో ఇక్కడ గొడవంతా తిరుపతి ఎవరిది, మద్రాసు ఎవరిది అని. పాత తమిళ సాహిత్యంలో తమిళదేశానికి ఉత్తరపు ఎల్ల వేంగడం, అంటే మన తిరుమల కొండ. ఆ మాట పట్టుకుని మ.పొ. శివజ్ఞానం తిరుపతి, చిత్తూరు, తిరుత్తణి తమిళులవేనని ఉద్యమం నడిపారు. ఇటువైపు గోడలమీద ‘మద్రాసు మనదే’. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు చనిపోయారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు మనకి రాలేదు, తిరుపతి వాళ్ళకి పోలేదు.

మా తాతది పుత్తూరు. బట్టల వ్యాపారం. వారంలో రెండు రోజులు తిరుత్తణిలో ఉండేవాడట. అక్కడ తమిళ సభలో వేంగడాన్ని వదలం అన్న ఉపన్యాసం నిలబడి వినేవాడు, ఇంటికొచ్చి రచ్చబండ దగ్గర మద్రాసు మనదేనని తానే ఉపన్యాసం ఇచ్చేవాడు. “వాళ్ళు చెప్పేదాంట్లో కూడా కొంచెం న్యాయముందబ్బా” అన్నందుకు ఒకసారి సొంత తమ్ముడే వారం రోజులు మాట్లాడలేదని నాన్న చెప్పేవారు. తాత ఏమీ మహా ఉదారుడు కాదు. తిరుత్తణిలో బాకీలు వసూలు కావాలంటే అక్కడివాళ్ళ మాట వినక తప్పదు, అంతే. మద్రాసులో కూర్చుని తెలుగు పేపరు మాత్రమే, తమిళ పేపరు మాత్రమే చదివినవాళ్ళకి ఆ అవసరం లేదు.

చివరికి పటాస్కర్ మధ్యవర్తిత్వంలో గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, ఏ భాషవాళ్ళు ఎక్కువో చూసి గీత గీశారు. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు చిత్తూరు జిల్లాలో కలిశాయి. గీత ఎక్కడ గీసినా కొంతమంది అవతల పడతారు. నగరి సంతలో ఇప్పటికీ బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది.

తర్వాతి ముప్ఫై, నలభై ఏళ్ళు పేపర్ల కాలం. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఆ పేపరు ఎటు నిలబడిందో అందరికీ తెలుసు. 2008 మార్చిలో సాక్షి వచ్చింది, అది ఎవరిదో కూడా అందరికీ తెలుసు. చేతిలో ఉన్న పేపరును బట్టి మనిషి పార్టీ చెప్పేయొచ్చు అనేంతదాకా వచ్చింది వ్యవహారం. కాబట్టి, ఫోన్లు రాకముందు అందరూ అన్నీ చదివి నిష్పక్షపాతంగా ఉండేవారని ఎవరైనా అంటే నమ్మకండి.

కానీ ఒక తేడా ఉంది. మా వీధి చివర టీ అంగడిలో రెండు పేపర్లూ వేయించేవాడు. అంగడాయనకి ఏ పార్టీవాడైనా టీ తాగితే చాలు. పొద్దున ఆరున్నరకి బెంచీ మీద చోటు కోసం, మొదటి పేజీ కోసం పోటీ. మీకు కావాల్సిన పేపరు ఇంకొకడి చేతిలో ఉంటే, ఖాళీగా కూర్చోలేక రెండోది తీసుకునేవారు. తిట్టుకుంటూనే చదివేవారు. “ఏంది సామీ, మీవాళ్ళు రాసింది చూస్తివా?” అని అడిగితే, పక్కనున్న ఆ ‘మీవాడు’ వెంటనే జవాబు చెప్పేవాడు. గొంతులు లేచేవి. అయినా అతనే సాయంత్రం మీ మోటార్ రిపేరు చేయాలి, లేదా మీరే అతని కూతురి పెళ్ళికి వెళ్ళాలి. అవతలి వాదం అవతలివాడి నోటినుంచే, వాడి మొహం చూస్తూ వినాల్సి వచ్చేది.

2006 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టింది. 2009లో లైక్ బటన్ వచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో గూగుల్ సైన్ ఇన్ చేయనివాళ్ళకి కూడా మనిషికో రకంగా సెర్చ్ ఫలితాలు చూపడం మొదలుపెట్టింది. 2011లో అమెరికా రచయిత ఎలై పరైజర్ దీనికి ఫిల్టర్ బబుల్ అని పేరు పెట్టారు. నీకు నచ్చేదే నీకు చూపించే బుడగ. మన ఊళ్ళకి ఆ బుడగ 2016 సెప్టెంబర్ 5 తర్వాత, జియో ఉచిత డేటాతో వచ్చింది. అంతకుముందు నెట్ ప్యాక్ వేయించుకుని పొదుపుగా వాడుకునేవాళ్ళు రోజంతా వీడియోలు చూడటం మొదలుపెట్టారు.

అయితే తప్పంతా అల్గారిథమ్‌ మీదకి తోసేయడం నాకు సరిగ్గా అనిపించదు. వాట్సాప్ గ్రూపులో ఏ మెసేజ్ ముందు చూపాలో తేల్చే యంత్రమేమీ లేదు. వచ్చింది వచ్చినట్టే కనిపిస్తుంది. అక్కడ జల్లెడ పట్టేది మనమే. ఎవరిని చేర్చాలి, ఎవరు తిక్క ప్రశ్న వేస్తే తీసేయాలి, దేన్ని ముందుకి తోయాలి, అన్నీ మన చేతి పనే. ఉలిపికట్టె లాంటివాడొకడు ప్రతి గ్రూపులో ఉంటాడు. రెండుసార్లు ‘ఇది నిజమేనా?’ అని అడుగుతాడు, మూడోసారి ‘లెఫ్ట్’ అని కనిపిస్తుంది.

ఆ జల్లెడ ఎంత చెడ్డదో 2018లో చూశాం. ఆ మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాయిస్ మెసేజ్‌లు తెలుగు, తమిళ ఊళ్ళన్నీ తిరిగాయి. మే 9న, వేలూరు దాటితే వచ్చే తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి కారులో వెళ్తున్న ఒక కుటుంబం దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చింది. జనం చుట్టుముట్టి కొట్టారు. 65 ఏళ్ళ ఆవిడ చనిపోయింది. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని అయిదు చాట్‌లకి మించి ఒకేసారి పంపకుండా ఆపింది. దానికన్నా ముందే తెలంగాణలో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులతో ఊరూరా డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. మనుషుల నోట వచ్చిన మాటకి మనుషుల నోటితోనే విరుగుడు.

నా వాటా కూడా చెప్పాలి. ఆ వాయిస్ మెసేజ్ నేనూ రెండు గ్రూపులకి పంపాను. నమ్మి కాదు, ‘ఎందుకైనా మంచిది’ అని. మర్నాడు పొద్దున గ్యాస్ స్టవ్ రిపేరు అని అరుచుకుంటూ వచ్చే మనిషిని మా వీధి కుర్రాళ్ళు ఆపి ఆధార్ కార్డు అడిగారు. నాలుగేళ్ళుగా ఆ వీధికి వస్తున్నవాడు. సంచీ బోర్లించి చూశారు. బర్నర్లు, రబ్బరు ట్యూబు, ఒక టిఫిన్ డబ్బా. అతను ఏమీ అనలేదు, అన్నీ ఏరుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధికి రాలేదు.

మరి అవతలి మాట ఎక్కువగా వింటే సరిపోతుందా? పరిశోధనలు చూస్తే అంత తేలిగ్గా లేదు. 2015లో ఫేస్‌బుక్ సొంత పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక లెక్క వేశారు. అవతలి పక్షం వార్తల్ని అల్గారిథమ్ కొంతే తగ్గిస్తోందట, సంప్రదాయవాదులకి 5 శాతం, ఉదారవాదులకి 8 శాతం. ఎవర్ని ఫ్రెండ్స్‌గా పెట్టుకున్నాం, దేన్ని నొక్కాం అన్నదే పెద్ద కారణమన్నారు. కంపెనీవాళ్ళే లెక్క వేసుకుంటే అలాగే తేలుతుందని విమర్శలూ వచ్చాయి. 2018లో క్రిస్ బెయిల్ బృందం ట్విట్టర్ వాడేవాళ్ళకి 11 డాలర్లు ఇచ్చి, అవతలి పక్షం ట్వీట్లు పంపే ఖాతాని నెల రోజులు ఫాలో అవ్వమంది. సంప్రదాయవాద పార్టీ వాళ్ళైన రిపబ్లికన్లు మెత్తబడటం మానేసి ఇంకా గట్టిపడ్డారు. 2023లో వచ్చిన మరో పరిశోధనలో మూడు నెలలపాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌ని అల్గారిథమ్ లేకుండా, వరసక్రమంలో చూపినా అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇవన్నీ అమెరికావి, అక్కడ లెక్క రెండు పార్టీలది. మన దగ్గర పార్టీకి కులం, కులానికి హీరో అంటుకుని ఉంటాయి. అయినా బెయిల్ ఫలితం నాకు వింతగా అనిపించలేదు. అవతలి మాట మనకి రావడం లేదని ఎవరన్నారు? రోజూ వస్తూనే ఉంది. స్క్రీన్‌షాట్‌గా, పైన నవ్వే బొమ్మతో, ‘వీళ్ళ తెలివి చూడండి’ అన్న మన మనిషి వ్యాఖ్యతో వస్తోంది. పదిహేను సెకన్లకి కోసిన వీడియో ముక్కగా వస్తోంది. టీ అంగడి బెంచీ మీద వాడే చెప్పేవాడు, ఇప్పుడు వాడి తరఫున మనవాళ్ళు చెప్తున్నారు.

మా ఊళ్ళో సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ న్యాయశాస్త్రం, అంటే లా కాదు, మన పాత తర్కశాస్త్రం చదివిన ఒక పెద్దాయన పొద్దున వాకింగ్‌లో పరిచయం. చర్చలో మూడు రకాలన్నారు. నిజం కోసం చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని కొట్టడానికే చేసేది వితండ. మనం వితండవాదం అని తిట్టేది ఇదే. వాదం చేసేవాడు తన సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి మాట, చెప్పాలట. “అదీ ఎదుటివాడు విని ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకునేట్టు చెప్పాలి నాయనా” అన్నారు. నేను ఫోన్ తీసి మా గ్రూపుల సంగతి చూపించబోతే, “అది వద్దులే” అని నడక సాగించారు.

ఆ ఆదివారం మా బావ ఇంటికొచ్చాడు. అత్తగారి వైపు గ్రూపులో ఎర్రగీతలు గీసేది ఎక్కువగా ఆయనే. కాఫీ తాగుతూ, “బావా, నెయ్యి మీద మీ వాదం నేను చెప్తా, సరిగ్గా ఉందో లేదో చెప్పు” అన్నాను. మొదటిసారి చెప్పాను. “అది మా మాట కాదు, మావాళ్ళని తిట్టేవాళ్ళు చెప్పే మాట” అన్నాడు. రెండోసారి ఇంకా నెమ్మదిగా చెప్పాను. “సగం సరే” అన్నాడు. మూడోసారికి నాకే విసుగొచ్చింది. ఇన్ని నెలలుగా ఆయన మెసేజ్‌లన్నీ చదువుతూ, ఆయన ఏమంటున్నాడో ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదని అప్పుడు తెలిసింది. “ఇంక నీ వంతు” అంటే, “నాకు బస్సుకి టైమైంది” అని లేచాడు.

మర్నాడు పొద్దున ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. గ్రూపులో కాదు, నాకు ఒక్కడికే. ‘మీవాళ్ళు అనేది ఇదీ’ అని నాలుగు లైన్లు, ఫార్వర్డ్ కాదు, తనే టైప్ చేసినట్టున్నాడు. అక్షర దోషాలు కూడా ఉన్నాయి. అందులో రెండు లైన్లు మేం అనే మాటలే కావు. ఇంకా జవాబు రాయలేదు.