నీళ్ల ఒడ్డున చలిగాలి నడక: బట్టల మీద అపోహలు - వాస్తవాలు

సముద్రం ఒడ్డునా, సరస్సు గట్టు మీదా నడిచే బృందాలను ఏళ్లుగా తీసుకెళ్తున్నాను. బయల్దేరే ముందు నేను మొదట చూసేది మెడ దగ్గరి జిప్పులు. పైదాకా బిగించుకుని హాయిగా, వెచ్చగా నిలబడ్డవాళ్లతోనే నాకు టెన్షన్. కదలకముందు కాస్త చలి వేయాలి. పది నిమిషాలు నడిస్తే ఒళ్లు అదే వేడెక్కుతుంది.

అపోహ: మంచి మందపాటి జాకెట్టు ఒక్కటుంటే చాలు.

వాస్తవం: వెచ్చదనమంతా బట్టల్లో కదలకుండా చిక్కుకున్న గాలి వల్లే. జాకెట్టు ఒక్కటే అయితే వేసుకుంటే ఉడికిపోతాం, తీస్తే వణికిపోతాం. పల్చటివి మూడుంటే అవసరాన్ని బట్టి ఒకటి తీయొచ్చు, ఒకటి వేయొచ్చు. ఒంటికి ఆనుకుని చెమట లాగేసే ఇన్నర్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) గానీ ఉన్ని స్వెట్టర్ గానీ, అన్నిటికీ పైన విండ్‌చీటర్. నీళ్ల దగ్గర తేడా తెలిసేది ఈ పైదానితోనే. స్వెట్టర్ అల్లికలోంచి గాలి దూరిందంటే లోపల దాచుకున్న వెచ్చదనం మొత్తం ఊడ్చుకుపోతుంది. మడిచి జేబులో పెట్టుకోగలిగేంత పల్చటి విండ్‌చీటర్ దాన్ని ఆపేస్తుంది.

అపోహ: ఫోన్‌లో 5 డిగ్రీలు చూపిస్తోంది, మరీ అంత చలేం కాదు.

వాస్తవం: గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఆ 5 డిగ్రీలే ఒంటికి 0 డిగ్రీల్లా తగులుతాయి. ఈ లెక్క అంటార్కిటికాలో మొదలైంది. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, గాలికి పెట్టి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. ఇప్పుడు అమెరికా, కెనడాలు వాడుతున్న సూత్రం మాత్రం 2001లో వచ్చింది. నీటి మీద చెట్లుండవు, గోడలుండవు. అందుకే వీధిలో ఆకు కదలని రోజు కూడా గట్టెక్కగానే మఫ్లర్ ఎగిరిపోతుంది. గాలి 0 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు ఎంత జోరుగా వీచినా చర్మం గడ్డకట్టదన్నది నిజమే. అయినా నిశ్చింతగా ఉండకండి. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే హైపోథెర్మియా అంటారు, తడిసిన మనిషికి అది గడ్డకట్టని చలిలోనూ వస్తుంది.

అపోహ: లోపల కాటన్ అయితేనే ఒంటికి సుఖం.

వాస్తవం: పొడిగా ఉన్నంతసేపూ సుఖమే. ఒకసారి ఒకాయన కాటన్ టీషర్టు మీద బొద్దు జాకెట్టు వేసుకుని అందరికంటే ముందు నడిచాడు. జిప్పు తీయమంటే నవ్వాడు. గంట తర్వాత రాళ్ల మీద కూర్చున్నాం. కాసేపటికి చూస్తే, ఫ్లాస్కు మూత తిప్పడానికి వేళ్లు సహకరించడం లేదు, మాట కూడా కొంచెం ముద్దగా వస్తోంది. జాకెట్టు విప్పితే టీషర్టు వీపుకు అట్టలా అంటుకుపోయి ఉంది. గాలి తగలని చోట బట్టలు మార్పించి, నా స్పేర్ స్వెట్టర్ తొడిగాకే మనిషి మామూలయ్యాడు. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది, పైగా చెమట ఆరేటప్పుడు కూడా ఒంటి వేడే ఖర్చు. కాటన్ ఆ తడిని వదలదు. ఉన్ని చాలా తేమ పీల్చుకున్నా చప్పున చల్లగా తగలదు, పాలియెస్టర్ తొందరగా ఆరిపోతుంది. ఈ రెంటిలో ఏదైనా సరే. (ఉన్ని గుచ్చుకుంటుందనేవాళ్లు మెరినో ఉన్ని వేసి చూడండి.)

అపోహ: ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది.

వాస్తవం: పెద్దవాళ్లలో తల నుంచి పోయేది పదో వంతు చుట్టుపక్కల. ఒళ్లంతా కప్పి తల ఒక్కటే బయట ఉంచి చేసిన పాత సైనిక ప్రయోగాల నుంచి ఈ మాట పుట్టింది. అలా చేస్తే వేడి తలలోంచి కాక ఎక్కడినుంచి పోతుంది? టోపీ మాత్రం మానకండి, గాలికి ముందు లబలబలాడేది చెవులే.

అపోహ: రెండు జతల సాక్సులు వేస్తే కాళ్లు వెచ్చగా ఉంటాయి.

వాస్తవం: బూటులో చోటుంటేనే. బిగిస్తే రక్తం సరిగా ఆడదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఆ రెండో జత సంచిలో ఉంచండి, కెరటం తడిపినప్పుడు పనికొస్తుంది.

అపోహ: రెండు గుక్కల మందు పడితే వేడి పుడుతుంది.

వాస్తవం: పుట్టదు. లోపలి వేడి రక్తంతో పాటు చర్మంలోకి వచ్చి గాలికి పోతుంది. వెచ్చగా అనిపించేది అదే.

అపోహ: చలేసినప్పుడు వేసుకుందాంలే.

వాస్తవం: వణుకు మొదలయ్యాక వేసుకుంటే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఆగిన వెంటనే, చలి తెలియకముందే స్వెట్టర్ ఎక్కించాలి, మళ్లీ నడక మొదలవగానే తీసేయాలి. ఇలా తీయడానికీ, మళ్లీ వేసుకోవడానికీ బద్ధకించేవాళ్లు ఎన్ని పొరలు మోసుకొచ్చినా ఒకటే. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు నడవండి, ఒళ్లు పొడిగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటారు. చెమటతో తిరిగొచ్చేటప్పుడు గాలి వీపు వైపు ఉంటుంది.