చేపకు మన అడుగు ఎలా తెలుస్తుంది?

చిరంజీవులైన పిల్లలకు,

పర్లాకిమిడి నుండి తాతయ్య ఆశీర్వదించి వ్రాస్తున్న ఉత్తరం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మహేంద్రతనయ ఏటి గట్టున రెండు గంటలు గేలం వేసి కూర్చున్నా మీకు ఒక్క చేపయినా పడలేదు. తిరిగి వస్తుండగా చిన్నవాడు, "తాతయ్యా, చేప నీళ్ళ అడుగున కదా ఉంటుంది, మనం గట్టు మీద నడిచే సంగతి దానికెలా తెలుస్తుంది?" అని అడిగాడు. చీకటి పడుతోందన్న తొందరలో నేను సరిగా జవాబు చెప్పలేదు. మంచి ప్రశ్నను అలా వదిలేయడం నాకు నచ్చలేదు.

మన వసారాలో నులకమంచం ఉంది కదా. దాని మీద మీరు కళ్ళు మూసుకుని పడుకున్నారనుకోండి. కాళ్ళ వైపు ఎవరైనా వచ్చి కూర్చుంటే మీ వీపు కింద నులక బిగుస్తుంది. కూర్చున్నది పెదనాన్నో, చెల్లాయో కళ్ళు తెరవకుండానే చెప్పగలరు. పిల్లి ఎక్కినా తెలిసిపోతుంది. చేపకు ఏరు అలాంటి మంచమే. ఈ గట్టు ఒక పట్టె, ఆ గట్టు ఒక పట్టె, మధ్యనున్న నీళ్ళు నులక. మీరు దబదబమని అడుగులు వేస్తే ఆ అదురు మట్టిలోంచి నీళ్ళలోకి దిగుతుంది. పరిగెల గుంపు పక్కనుంచి పోతే పిల్లి ఎక్కినట్టు, పెద్ద వాలుగ వస్తే పెదనాన్న కూర్చున్నట్టు చేపకు తెలుస్తుంది. మాటలు మాత్రం అంతగా దిగవు. గాలిలో పుట్టిన చప్పుడు చాలావరకు నీటి పైభాగానికి తగిలి వెనక్కి పోతుంది. అందుచేత మెల్లగా కబుర్లు చెప్పుకున్నా ఫరవాలేదు, అదుపులో ఉంచుకోవలసినవి కాళ్ళు.

ఈ ఆదివారం నాన్న శీలావతి చేప తెస్తే, తోమకముందు పళ్ళెంలో పెట్టించుకుని దాని పక్కను చూడండి. మొప్ప మూత వెనుక నుండి తోక దాకా సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. ఇంకా దగ్గరగా చూస్తే అది గీత కాదు, వరుసగా ఉన్న పొలుసుల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సూదిబెజ్జం. ఆ బెజ్జాల లోపలి కాలువలో, నీరు కదిలితే వంగే అతిసన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. దగ్గరి కదలికను ఈ గీత పట్టుకుంటే, దూరపు అదురును బయటికి కనిపించకుండా తలలోపల దాగిన చెవులు వింటాయి.

నా చిన్నతనంలో గుణుపూరు పోయే చిన్నరైలు ఎక్కి, కాశీనగరంలో మా మేనమామగారి ఇంటికి వెళ్ళేవాణ్ణి. 1900లో నౌపడా నుండి మన ఊరిదాకా, 1931లో గుణుపూరు దాకా వేసిన రైలుదారి అది. అక్కడ వంశధార ఒడ్డున మామయ్య మొదటిరోజు నాకు గేలం ఇవ్వలేదు. ఊరికే కూర్చుని బెండును చూడమన్నారు. నేను విసుగెత్తి నీళ్ళలోకి రాయి విసిరాను. ఆయన ఒక్కమాట అనకుండా దారం చుట్టేసి ఇంటిదారి పట్టారు. ఆ మౌనానికి నాకు ఏడుపు వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున దారాన్ని నా చూపుడువేలి మీదుగా వేసి, కళ్ళు మూసుకోమన్నారు. కాసేపటికి టిక్కు టిక్కుమని తగిలింది. "అది పరిగె, ఎర కొరుకుతోంది, ఉండు" అన్నారు. తరువాత దారం బరువుగా, నిదానంగా కిందికి లాగింది. పిల్లలూ, ఇప్పుడు మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నవాణ్ణి నేను, కాళ్ళ వైపు వచ్చి కూర్చున్నది చేప! నాకు గేలం మీద ఇష్టం కలిగింది ఆ క్షణంలోనే.

పైకి వచ్చింది జెల్ల. సంతోషం పట్టలేక చేత్తో పట్టుకున్నాను, ముల్లు అరచేతిలో దిగి సాయంత్రం దాకా సలిపింది. జెల్లకు వీపు మీద ఒకటి, చెరో పక్కన ఒకటి గట్టి ముళ్ళుంటాయి. దాన్ని గేలం నుండి పెద్దవాళ్ళే తీయాలి. వేలెడంత చేప పడితే చెయ్యి తడుపుకుని పట్టుకుని, నీళ్ళలోనే వదలండి. తొలకరి కొత్తనీటికి ఎదురెక్కి గుడ్లు పెట్టే రోజుల్లో గేలం జోలికి పోవద్దు. మడుగు అంచున ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు పైకీ కిందికీ ఆడుతుంటే, వాటి కింద తల్లో తండ్రో కొర్రమీను కాపలా ఉందన్నమాట. అది అప్పుడప్పుడు పైకి వచ్చి, నోరు తెరిచి గాలి మింగి, మళ్ళీ పిల్లల కిందికే దిగుతుంది. ఆ దృశ్యం కనబడిన ప్రతిసారీ నేను గేలం పక్కన పెట్టి కూర్చుండిపోయాను. మీరు కూడా అలాగే కూర్చుని చూడండి.

సంక్రాంతికి వచ్చేసరికి ఏరు తేటపడి ఉంటుంది. చలికి చేపలు మందకొడిగా ఉంటాయి గనుక ఎండ ఎక్కాక బయలుదేరుదాం. వెదురు కర్రలు, దారం, బెండ్లు నేను సిద్ధం చేసి ఉంచుతాను. ఎర్రలు మాత్రం పెరట్లో అరటిచెట్ల మొదట తడిమట్టిలో మీరే తవ్వుకోవాలి. చెప్పులు గట్టుకు పది గజాల ఇవతలే విడిచి రండి.

ఇట్లు,
మీ తాతయ్య